డేటాబేస్‌లో రెండు ప్రతిరూప సగటుల పోలిక: డార్విన్ మొక్కజొన్న కొలతలతో ఒక పాఠం

మెరుగైన యాజమాన్య పద్ధతి, రైతు పద్ధతి అనే రెండింటి దిగుబడి సగటులను పోల్చడం విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురయ్యే గణాంక విశ్లేషణ. ఒకప్పుడు ఈ దిగుబడులు క్షేత్ర పుస్తకంలో ఉండేవి. జతగా వేసిన రెండు మడుల అంకెలు ఒకే పుటలో పక్కపక్కన కనిపించేవి. ఇప్పుడవి డేటాబేస్ పట్టికలలో వేర్వేరు వరుసలలో, కొన్నిసార్లు వేర్వేరు పట్టికలలోనే ఉంటున్నాయి. సగటు, విస్తృతి, పరిశీలనల సంఖ్య అనే మూడింటినీ డేటాబేస్ క్షణంలో లెక్కించి ఇస్తుంది. ఆ మూడూ చేతిలో ఉంటే టి-విలువ కట్టడం పెద్ద పని కాదు. అయితే ఏ అంకె ఏ అంకెకు జత, వాటిలో స్వతంత్రమైనవి ఎన్ని అనే సమాచారం పట్టికలో నమోదు కాకపోతే, అవే అంకెలు నాలుగు రకాల జవాబులు ఇస్తాయి. ఆ జవాబులలో ఒకటి రేపు సిఫారసుగా మారి రైతు పెట్టుబడిలో చేరుతుంది. అందుచేత ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలిద్దాం.

ఉదాహరణకు చార్లెస్ డార్విన్ మొక్కజొన్న కొలతలను తీసుకుంటున్నాను. ఇవి 1876లో ప్రచురితమైన, మొక్కలలో పరపరాగ, స్వపరాగ సంపర్కాల ఫలితాలను గురించిన ఆయన గ్రంథంలోనివి. కొలతలు ముప్పయ్యే కనుక విద్యార్థి ప్రతి అంకెనూ కాగితం మీద సరిచూసుకోవచ్చు. రొనాల్డ్ ఫిషర్ 1935లో వెలువరించిన ప్రయోగ రచన గ్రంథంలో ఒక అధ్యాయమంతా వీటికే కేటాయించారు కాబట్టి సరైన జవాబు ఏమిటో కూడా మనకు ముందే తెలుసు.

పరపరాగ సంపర్కం వలన వచ్చిన విత్తనాన్ని, స్వపరాగ సంపర్కం వలన వచ్చిన విత్తనాన్ని మొలకెత్తించి, ఒకే సమయంలో మొలిచిన రెండింటిని జతగా తీసుకుని, ఒకే కుండీలో ఎదురెదురు వైపుల నాటడం డార్విన్ పద్ధతి. నాలుగు కుండీలలో మొత్తం 15 జతలు. ఎత్తులను అంగుళంలో ఎనిమిదో వంతు వరకు కొలిచారు. భిన్నాల బెడద లేకుండా వాటిని ఎనిమిదో వంతులలోనే, ముందు పరపరాగ మొక్క, తరువాత స్వపరాగ మొక్క వచ్చేలా ఇస్తున్నాను.

మొదటి కుండీ: 188–139, 96–163, 168–160.
రెండవ కుండీ: 176–160, 153–147, 172–149.
మూడవ కుండీ: 177–149, 163–122, 146–132, 173–144, 186–130.
నాలుగవ కుండీ: 168–144, 177–102, 184–124, 96–144.

పరపరాగ మొక్కల మొత్తం 2423, సగటు 161.53, అంటే 20.19 అంగుళాలు. స్వపరాగ మొక్కల మొత్తం 2109, సగటు 140.60, అంటే 17.58 అంగుళాలు. తేడా 2.62 అంగుళాలు. ఈ తేడా కింద చెప్పబోయే నాలుగు లెక్కలలోనూ మారదు. మారేదల్లా దాని ప్రామాణిక దోషమే.

పట్టిక నిర్మాణం గురించి ముందుగా చెప్పుకోవాలి. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క జతను ఉంచి, రెండు ఎత్తులకు రెండు నిలువు వరుసలు ఇవ్వడం ఒక విధానం. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క మొక్కను ఉంచి, కుండీ సంఖ్య, జత సంఖ్య, మొక్క రకం, ఎత్తు అని నాలుగు నిలువు వరుసలు ఇవ్వడం రెండవది. పెద్ద సమాచారానికి రెండవదే మేలు. మూడవ రకం చేరినా పట్టిక రూపం మార్చవలసిన అవసరం ఉండదు. కాని ఇందులో జత అన్నది కంటికి కనిపించదు, జత సంఖ్య అనే నిలువు వరుసలో మాత్రమే బతికి ఉంటుంది. ఆ నిలువు వరుసను అనవసరమని తొలగించినవారు ప్రయోగ రచననే తొలగించినట్లు.

ఇక లెక్క. జత సంఖ్య ఆధారంగా పట్టికను దానితోనే జాయిన్ చేసి, ఒకవైపు పరపరాగ, మరోవైపు స్వపరాగ వరుసలను తీసుకుంటే 15 తేడాలు వస్తాయి. వాటి మొత్తం 314. వర్గాల మొత్తం 26518. ఇందులో నుంచి 314 వర్గాన్ని 15తో భాగించగా వచ్చే 6573.07ను తీసివేస్తే 19944.93 మిగులుతుంది. దీనిని 14తో భాగిస్తే తేడాల విస్తృతి 1424.64. దానిని 15తో భాగించి వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం 9.746. తేడాల సగటు 20.93ను దీనితో భాగిస్తే టి-విలువ 2.148. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అని తరగతిలో చెప్పే స్వేచ్ఛాంశాలు 14. వాటికి 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 2.145. అంటే ఫలితం గీతను దాటింది వెయ్యింట మూడు వంతులతో. ఫిషర్ చూపిన విలువ కూడా 2.148. విశ్వాస అవధిగా చెప్పాలంటే నిజమైన తేడా 0.004 అంగుళం నుంచి 5.23 అంగుళాల మధ్య ఉండవచ్చు. నివేదికలో నక్షత్రం గుర్తు పెట్టడంకన్నా ఈ అవధిని రాయడం నిజాయితీగల పద్ధతి అని నా అభిప్రాయం. 'సార్థకం' అనే ఒక్క మాట వెనుక ఎంత సందేహం దాగి ఉందో ఆ 0.004 చెబుతుంది.

ఇప్పుడు జత సంఖ్య అందుబాటులో లేదనుకుందాం. అప్పుడు చేయగలిగినది మొక్క రకం ప్రకారం గ్రూప్ బై ఇచ్చి, ఒక్కొక్క సమూహానికి సంఖ్య, సగటు, విస్తృతి రాబట్టడమే. విస్తృతులు 837.27, 269.40. రెండింటినీ కూడి 15తో భాగించి వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం 8.589, టి-విలువ 2.437. విస్తృతులు సమానమని భావిస్తే స్వేచ్ఛాంశాలు 28, పట్టిక విలువ 2.048. ఒక విస్తృతి మరొకదానికి మూడింతలున్నప్పుడు ఆ భావన నిలవదు. వెల్చ్ సవరణ ప్రకారం స్వేచ్ఛాంశాలు 22.16కు తగ్గుతాయి. ఎలా చూసినా జత పరీక్షకన్నా ఇదే బలంగా కనిపిస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తికమకపడతారు. జత చేస్తే ప్రామాణిక దోషం తగ్గుతుందని, పరీక్ష పదునెక్కుతుందని తరగతిలో చెబుతాం. ఇక్కడ తలకిందులైంది. కారణం, జతలోని రెండు మొక్కల ఎత్తుల మధ్య సహసంబంధ గుణకం ఋణాత్మకం, –0.335. రెండవ, పదిహేనవ జతలలో పరపరాగ మొక్క 12 అంగుళాలకే ఆగిపోగా స్వపరాగ మొక్క దానిని మించింది. ఒకే కుండీలో ఎదురెదురుగా పెరిగే మొక్కలు వెలుతురు, పోషకాల కోసం పోటీ పడితే ఇటువంటి సంబంధం రావచ్చు. పదిహేను జతలలో కాకతాళీయంగానూ రావచ్చు. ఏదైనా సరే, ఎక్కువ టి-విలువ వచ్చిందని జతలను విడదీసి పరీక్షించడం తగదు. పరీక్ష ఏదన్నది నాటిన రోజునే నిర్ణయమైంది. కోత తరువాత రెండు పరీక్షలూ చేసి పెద్ద విలువను ఎంచుకునేవారికి ఆ 5 శాతం స్థాయి 5 శాతంగా మిగలదు. డేటాబేస్‌లో రెండు పరీక్షలకూ రెండు క్వెరీలు రాయడం నిమిషం పని కనుక ఈ ప్రలోభం మునుపటికన్నా ఇప్పుడే ఎక్కువ.

మూడవ లెక్క చరిత్రలో నిజంగా జరిగినదే. డార్విన్ తన కొలతలను పరిశీలన కోసం ఫ్రాన్సిస్ గాల్టన్‌కు పంపారు. గాల్టన్ రెండు రకాల మొక్కలనూ విడివిడిగా ఎత్తుల అవరోహణ క్రమంలో పేర్చి, పొడవైనదానికి పొడవైనదానిని, పొట్టిదానికి పొట్టిదానిని ఎదురుగా నిలిపి పోల్చారు. అలా పేర్చినప్పుడు తేడాలు ఎంతో నిలకడగా కనిపిస్తాయి: 25, 26, 24, 28, 28, 29, 29, 28, 24, 29, 31, 23, 22, –26, –6. మొత్తం అదే 314. కాని వర్గాల మొత్తం 26518 నుంచి 10014కు పడిపోతుంది. వీటిని జతలుగా భావించి టి-విలువ కడితే 5.171 వస్తుంది. ఆ నిలకడ మొక్కలది కాదు, పేర్చిన చేతిది. ఈ అమరికను ఫిషర్ తన గ్రంథంలో విమర్శించారు. గాల్టన్ కాలానికి చిన్న ప్రతిరూపాల సిద్ధాంతం లేదు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గోసెట్ 'స్టూడెంట్' అనే కలం పేరుతో దానిని ప్రచురించినది 1908లో.

తెలిసి ఇలా ఎవరూ చేయరని అనిపించవచ్చు. తెలియకుండా జరిగే దారులు మాత్రం చాలా ఉన్నాయి. రెండు పద్ధతుల దిగుబడులు రెండు ఎక్సెల్ షీట్లలో వస్తాయి. ఒకదానిని ఎవరో దిగుబడి ప్రకారం సార్ట్ చేసి ఉంటారు, తరువాత రెండవదానిని కూడా అలాగే చేస్తారు. రెండింటినీ డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు వరుస సంఖ్యనే జత సంఖ్యగా ఇస్తారు. ఆ క్షణం నుంచి ప్రతి క్వెరీ గాల్టన్ పనినే తిరిగి చేస్తుంది, ఎక్కడా దోష సందేశం రాదు. సంబంధాత్మక డేటాబేస్ పట్టికలోని వరుసలకు తమంతట తాముగా క్రమం లేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆర్డర్ బై ఇవ్వని క్వెరీ ఈరోజు ఇచ్చిన క్రమాన్నే రేపూ ఇస్తుందన్న హామీ లేదు. కాబట్టి 'మొదటి వరుసకు మొదటి వరుస' అన్నది ఎన్నటికీ జత కాలేదు. జత సంఖ్య పొలంలో నాటినప్పుడే పుట్టాలి.

నాలుగవది నేను పరిశీలకుడిగా చదివే పరిశోధన వ్యాసాలలో తరచుగా కనిపించేది. ప్రతి కుండీకి నీరు పెట్టిన తేదీల పట్టిక వేరుగా ఉందని, అందులో ఒక్కొక్క కుండీకి నాలుగేసి నమోదులు ఉన్నాయని అనుకుందాం. నీటి వివరం కూడా కావాలని మొక్కల పట్టికను కుండీ సంఖ్యపై దానితో జాయిన్ చేస్తే, ప్రతి మొక్కా నాలుగు వరుసలుగా మారుతుంది. సగటులు మారవు, కనుక ఎవరికీ అనుమానం రాదు. కాని డేటాబేస్ ఇప్పుడు ఒక్కొక్క రకంలో 60 మొక్కలున్నాయని లెక్కిస్తుంది. స్వతంత్ర ప్రతిరూపాల పరీక్షలో 2.437 ఉన్న టి-విలువ 5.003 అవుతుంది, స్వేచ్ఛాంశాలు 28 నుంచి 118కి పెరుగుతాయి. ఒక్క మొక్కను కూడా అదనంగా నాటకుండానే సార్థకత రెట్టింపైంది.

ఇందులో జాయిన్ దోషం కనీసం పట్టుబడగలది. వరుసల సంఖ్య చూస్తే తెలిసిపోతుంది. పట్టుబడనిది ఉప ప్రతిరూపాల రూపంలో వచ్చేది. పదిమంది రైతుల పొలాలలో ఒక్కొక్క మడిలో మూడేసి చోట్ల పంట కోత తీశామనుకుందాం. ఒక్కొక్క పద్ధతికి 30 వరుసలుంటాయి, అన్నీ నిజమైన కొలతలే, ఏదీ నకలు కాదు. అయినా పద్ధతిని అమలు చేసిన యూనిట్ మడి. ఒకే మడిలోని మూడు కోతలు ఆ మడి నేలను, ఆ రైతు చేతిని పంచుకుంటాయి. పరీక్షకు లెక్కలోకి వచ్చే సంఖ్య పది. పది కుదుళ్ళ పిలకలు లెక్కపెట్టినా ఇదే నియమం. కాబట్టి ముందు రైతు, పద్ధతి అనే రెండింటి మీద గ్రూప్ బై ఇచ్చి మడి సగటులు తీయాలి. ఆ తరువాత రైతు సంఖ్య మీద రెండు పద్ధతులనూ జతచేసి తేడాలు తీయాలి. ఆ పది తేడాల మీదనే పరీక్ష. టి-విలువకు ముందు పరిశీలనల సంఖ్యను ముద్రించి చూసుకోవడం, అది పొలాల సంఖ్యతో సరిపోతోందో లేదో చూడడం నా విద్యార్థులకు నేను పెట్టే మొదటి షరతు.

ఫంక్షన్ల పేర్ల విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. వేరియన్స్ అనే ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ప్రతిరూప విస్తృతిని ఇస్తుంది, అంటే ఒకటి తక్కువ సంఖ్యతో భాగిస్తుంది. అదే పేరుగల ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్‌లో సమష్టి విస్తృతిని ఇస్తుంది, అంటే పూర్తి సంఖ్యతో భాగిస్తుంది. రెండింటిలోనూ ఉన్న వార్_శాంప్ అనే పేరును వాడితే ఈ చిక్కు ఉండదు. డార్విన్ తేడాలకు సమష్టి విస్తృతిని వాడితే టి-విలువ 2.148 బదులు 2.223 వస్తుంది, వెంట్రుకవాసి ఫలితం కాస్తా నిక్షేపంలా కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎత్తులను పూర్ణాంకాలుగా నిర్వచిస్తే సగటు కూడా పూర్ణాంకంగానే కోతపడి వస్తుంది: మన తేడాల సగటు 20.93కు బదులు 20. దశాంశ రకానికి మార్చి సగటు తీయడం మంచిది.

చనిపోయిన మొక్కను, కోతకు అందని మడిని సున్నాగా నమోదు చేయడం మరో అలవాటు. సున్నా ఒక కొలత. ఖాళీ అంటే కొలత లేకపోవడం. ఖాళీగా, అంటే నల్‌గా ఉంచిన గడిని సగటు, విస్తృతి ఫంక్షన్లు రెండూ వదిలివేస్తాయి. జత తేడాలో ఒకవైపు నల్ ఉంటే తేడా కూడా నల్ అవుతుంది కనుక ఆ జత మొత్తం తప్పుకుంటుంది, అదే సరైనది. విడివిడి సగటులు తీసి ఒకదానిలో నుంచి మరొకటి తీసివేస్తే మాత్రం ఒకవైపు 15, మరోవైపు 14 ఉండి, జత లేని మొక్క కూడా లెక్కలో కూర్చుంటుంది. పురుగు తిని పోయిన మడి దిగుబడి నిజంగానే సున్నా అయితే అది వేరే విషయం. దానిని సున్నాగానే రాయాలి. ఆ తేడాను నిర్ణయించవలసింది పొలం చూసినవారు, డేటా ఎక్కించే ఆపరేటర్ కాదు.

పరీక్షను పూర్తిగా డేటాబేస్‌లోనే చేయాలా అని తరచుగా అడుగుతారు. ఒరాకిల్‌లో జత పరీక్షకు, స్వతంత్ర ప్రతిరూపాల పరీక్షకు, అసమాన విస్తృతుల పరీక్షకు వేర్వేరు ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి. వేరే ఏమీ కోరకపోతే రెండువైపుల సంభావ్యతను ఇస్తాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్‌ల మూల రూపాలలో టి-పరీక్ష లేదు. వాటిలో సంఖ్య, సగటు, విస్తృతి తీసుకుని, సంభావ్యత కోసం టి-పట్టికను గాని 'ఆర్' వంటి సాఫ్ట్‌వేర్‌ను గాని ఆశ్రయించడమే సులువు. ఇందులో చిన్నతనం లేదు. జతచేయడం, మడి సగటులు తీయడం డేటాబేస్ బాగా చేసే పని. దానిని అక్కడ చేయించుకుని మిగిలినది బయట చేసుకోవచ్చు.

అయితే టి-పట్టిక అవసరమే లేని ఒక పరీక్షను డేటాబేస్ చక్కగా చేయగలదు. అది కూడా ఫిషర్ ఈ కొలతల మీద చూపినదే. రెండు రకాల మధ్య తేడా లేకపోతే, ప్రతి జతలోని తేడాకు ధన గుర్తు రావడానికీ ఋణ గుర్తు రావడానికీ సమాన అవకాశం ఉంటుంది. 15 తేడాలకు గుర్తులను అన్ని విధాలా మార్చితే 32768 అమరికలు. 1935లో ఇది చేతి లెక్కకు భారమైన పని. ఇప్పుడు 0 నుంచి 32767 వరకు సంఖ్యలను వరుసలుగా పుట్టించి, ఒక్కొక్క సంఖ్య ద్విసంఖ్యామాన రూపంలోని 15 అంకెలను 15 గుర్తులుగా తీసుకుని, తేడాల పట్టికతో జాయిన్ చేసి మొత్తాలు తీస్తే చాలు. మొత్తం 314 గాని అంతకు మించి గాని, రెండు దిశలలో కలిపి, వచ్చే అమరికలు 1726. అంటే 5.27 శాతం. టి-పరీక్ష ఇచ్చిన సంభావ్యత 4.97 శాతం. ఒకటి గీతకు ఇవతల, ఒకటి అవతల. రెండూ చెబుతున్నది దాదాపు ఒకటే. గీతనే పట్టుకుని సిఫారసు చేసేవారికి ఈ రెండు అంకెలను పక్కపక్కన చూపించాలి.

ఈ గుర్తుల పరీక్ష ఒక ఊహ మీద నిలిచి ఉంది: జతలో ఏ మొక్క ఏ వైపు ఉండాలన్నది చీటీ వేసి నిర్ణయించడం. డార్విన్ ఆ పని చేయలేదు. ఆయన పద్ధతిలో ఫిషర్ ఎత్తిచూపిన లోపం అదే. మన క్షేత్ర ప్రదర్శనలలో ఈ లోపం ఇంకొంచెం పెద్దది. రైతు తన పొలంలో నీరు బాగా అందే, గట్టుకు దగ్గరగా ఉన్న మడిని ప్రదర్శనకు కేటాయించడం సహజం. చూడవచ్చే నలుగురి ముందు పంట బాగుండాలని అతను కోరుకుంటాడు. అప్పుడు జత తేడాలో పద్ధతి ప్రభావంతోపాటు మడి ప్రభావం కూడా కలిసిపోతుంది, ఎన్ని వందల వరుసలున్నా ఏ క్వెరీ దానిని విడదీయలేదు. అందువల్ల ప్రదర్శనల పట్టికలో రైతు సంఖ్య, పద్ధతి, కోత సంఖ్య అనే మూడింటినీ కలిపి ఏకైక కీగా నిర్వచించడంతోపాటు, మడిని చీటీ వేసి కేటాయించారా, రైతు ఎంచుకున్నాడా అన్నది నమోదు చేయడానికి మరొక నిలువు వరుస పెట్టాలి. దానిని ఖాళీగా వదలడానికి వీలులేకుండా నాట్ నల్ నిబంధన కూడా చేర్చాలి. విశ్లేషణలో మొదట చీటీ వేసిన పొలాలను, ఆ తరువాత మిగిలిన పొలాలను విడిగా తీసుకుని రెండు సగటు తేడాలనూ చూపాలి.